పడుకోమని సెలవు

సింగవరం రాజు భూపతిదేవుడు చెరసాల చూడటానికి లోపలికి వచ్చేసరికి ఖైదీలంతా చేతులు కట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు.

"చూశారుగా ప్రభూ! ఇంకో వందమందిని తెచ్చినా హాయిగా పడతారు" అన్నాడు చెరసాల అధికారి.

రాజు సరేనని తలూపబోతుండగా బీరప్ప దణ్ణం పెట్టాడు. అతను గొర్రెల కాపరి. మంద రాజుగారి తోటలో పడి మేసిందని లోపల వేశారు.

"ఏలినవారు వచ్చారని లేచి నిలబడ్డాం దొరా. ఒక్కసారి పడుకోమని సెలవియ్యండి."

"రాజుగారి ఎదుట పడకా!" అని అధికారి కసిరాడు. రాజుకు వింతగా తోచి, "పడుకోండి" అన్నాడు.

సగంమంది పడుకునేసరికే నేల నిండిపోయింది. మిగిలినవాళ్ళు గోడలకు అతుక్కుని నిలబడ్డారు. వాళ్ళలో బీరప్పా ఉన్నాడు.

"నువ్వు పడుకోలేదేం?"

"మా వంతు తెల్లారాక వస్తుంది దొరా."

ఇన్నేళ్ళుగా అధికారులెవరూ చెప్పని నిజాన్ని ఆ కాపరి ఒక్క మనవితో రాజు కళ్ళముందు పరిచాడు. బయటికి వెళ్దామని రాజు వెనక్కి తిరిగితే, మనుషుల్ని తొక్కకుండా అడుగేసే చోటు తనకూ లేదు. వాళ్ళను లేపడానికి మనసొప్పలేదు. న్యాయాధికారిని గుమ్మం దగ్గరికి పిలిపించి, తను నిలబడ్డ చోటి నుంచే చిన్న తప్పుల విచారణ మొదలుపెట్టాడు. బీరప్పనే ముందు ఇంటికి పంపాడు. అలా విడుదలైనవాళ్ళు పోగా మిగిలినవాళ్ళంతా ఒకేసారి పడుకోగలిగాకే రాజు కాలు కదిపాడు.