తాడు లేని బావి

పండుగనాడు బాలశౌరి పాట విని పేట జనమంతా చుట్టుముట్టి మెచ్చుకున్నారు. అతనికి కడుపు నిండినట్టయింది. తీరా ఆశ్రమానికి తిరిగొచ్చాక తెలిసింది, పాడినంతసేపూ తనకు దేవుడు గుర్తే రాలేదని. హడలిపోయాడు.

"ఇక పాడను స్వామీ. గర్వం తలకెక్కుతోంది" అన్నాడు గురువు జోజయ్యగారితో.

ఆయన చిక్కుడు పాదుకు పందిరి కడుతున్నారు. "సరే" అన్నారు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చింది. సాయంకాల ప్రార్థనలో కీర్తనలు పాడేవాళ్లు లేక చదివేస్తున్నారు. బాలశౌరి పెదవులు బిగించుకుని కూర్చునేవాడు. నోరు మూసుకుంటే దేవుడు దగ్గరవుతాడనుకున్నాడు. ఆయన జాడ లేదు.

బయట మెట్ల మీద ఇన్నమ్మ కూర్చునేది. పొగాకు పనికి వెళ్లొస్తూ ఆశ్రమం బావిలో బిందె నింపుకుపోయే ముసలామె. చదువు రాదు. అతని పాటలో విని పట్టుకున్న మాటలే ఆమెకున్న ప్రార్థన. పాట మొదలవుతుందేమోనని చూసి చూసి లేచిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ కీర్తన నాకు సగమే వచ్చు నాయనా. ఏడుపు కాడికొచ్చి ఆగిపోతన్నా. తర్వాత దేవుడు బదులు పలికేది ఉందిగా, అది గుర్తు రావట్లా. ఒక్కసారి పాడవా?"

"పాడటం మానేశానమ్మా."

"మానెయ్యటానికి అదేమన్నా చుట్టా?"

పందిరి కింద జోజయ్యగారు తలెత్తి చూశారు.

మర్నాడు సాయంత్రం ఇన్నమ్మ వచ్చేసరికి గిలకకు తాడు లేదు. చేద లేదు. జోజయ్యగారు తాడు చుట్టి ఒళ్లో పెట్టుకుని బావి గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఏంది స్వామీ, నీళ్లు అడుగంటినయ్యా?"

"నిండుగా ఉన్నాయమ్మా. తియ్యగా ఉన్నాయని అందరూ ఒకటే పొగడటం. బావికి గర్వం పట్టేట్టుందని తాడు తీసేశాను."

ఇన్నమ్మ ఖాళీ బిందె దించి కూలబడింది. పొద్దుటినుంచీ ఎండలో ఉన్న మనిషి, పెదవులు పగిలి ఉన్నాయి.

ప్రార్థనకు వెళ్తూ ఆ మాటలు విన్న బాలశౌరికి ఆమెను చూసి చిర్రెత్తింది.

"దాహంతో వచ్చినామెతో ఇదేం వేళాకోళం స్వామీ? బావికి గర్వమేమిటి? ఆ నీళ్లు అది తెచ్చుకున్నవా?"

అనేసి, తన మాట తనకే తగిలినట్టు గురువు వైపు చూశాడు.

జోజయ్యగారు తాడు అతని చేతుల్లో పెట్టారు.

బాలశౌరి నీళ్లు తోడాడు. ఇన్నమ్మ దోసిలి పట్టి తాగింది, మొహం కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. అతను చేద కింద పెట్టి, గొంతు సవరించుకుని, కీర్తన మొదటినుంచీ ఎత్తుకోబోయాడు.

"అది వద్దు నాయనా" అంది ఇన్నమ్మ. "ఏడుపు నాకొచ్చు. తర్వాతది పాడు."

రెండో చరణం ఎత్తుకున్నాడు. ఇన్నాళ్లూ వాడని గొంతు జీరబోయింది. సిగ్గేసి స్వరం తగ్గించాడు.

"పైకెత్తు శౌరీ" అన్నారు జోజయ్యగారు. "ఆమెకు వినపడాలి."