ముళ్ళకొండ మీద మద్దిచెట్లు

ఒక ఊళ్ళో కాదు, ఏకంగా ఒక రాజ్యంలో, మణికేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిమివాడు జయపాలుడు, చిన్నవాడు సుకేతుడు.

ఆ రాజ్యంలో మూడు కొండల నిండా అడవి ఉండేది. ఒక మాంత్రికుడు రాజు మీద పగబట్టి దాన్నంతా తగలబెట్టాడు. వాగులు ఎండిపోయాయి.

రాజు కొడుకులను పిలిచి, "నాయనలారా, తలా ఒక కొండ తీసుకోండి. ఏడేళ్ళలో ఎవరి కొండ మీద అడవి లేస్తే వాడికి రాజ్యమిస్తాను. నా మేనకోడలు హేమలేఖనిచ్చి పెళ్ళి చేస్తాను" అన్నాడు.

రణధీరుడు రాజోద్యానంలోని పెద్దపెద్ద చెట్లను పెకలించి తెచ్చి నాటాడు. నెల తిరక్కుండా ఎండిపోయాయి. జయపాలుడు పదివేల మద్దిమొక్కలు నాటాడు. నీడ లేక అవి మాడిపోయాయి. అతను "నావల్ల కాదు" అని ఇంటికి పోయాడు.

సుకేతుడు ఏమీ నాటలేదు. కొండ మీదికి మేకలు రాకుండా, నిప్పు రాకుండా కాపలా కాశాడంతే. మొదట గడ్డి మొలిచింది. తర్వాత రేగుపొదలు లేచాయి. ఆ తర్వాత తుమ్మచెట్లు.

"తమ్ముడు ముళ్ళు పండిస్తున్నాడు" అని రణధీరుడు పడీపడీ నవ్వాడు.

ఏడో ఏడు ఒకసారి చూద్దామని వెళ్ళాడు. తుమ్మల నీడన నడుమెత్తు మద్దిమొక్కలు, నేరేడుమొక్కలు వేలకొద్దీ ఉన్నాయి. గాలి తెచ్చిన గింజలు కొన్ని, పిట్టలు వేసినవి కొన్ని. హేమలేఖ వాటి మధ్య నిలబడి సుకేతుడితో మాట్లాడుతోంది. రణధీరుడి గుండెలో నిప్పు పడింది. అన్నం సయించలేదు. ఎవరు తమ్ముడి పేరెత్తినా చెవులు మూసుకున్నాడు.

చివరికి ఏడు సముద్రాలు దాటి ఆ మాంత్రికుడి దగ్గరికే వెళ్ళాడు.

మాంత్రికుడు ఒక మంత్రపు గొడ్డలి ఇచ్చి, "ఆ మొక్కలకు తుమ్మల నీడే ప్రాణం. తుమ్మలు నరికెయ్యి, అన్నీ చస్తాయి" అన్నాడు.

సుకేతుడు తండ్రి దగ్గర రెండు నెలలు ఉండివద్దామని వెళ్ళగానే రణధీరుడు ఆ గొడ్డలితో తుమ్మలన్నీ నరికేశాడు. ఇక మొక్కలు మాడతాయని కాచుకు కూచున్నాడు. మాడలేదు. ఎండ తగిలేసరికి మొక్కలు వారం వారానికీ జానెడు లేచాయి. వాన పడింది. మద్దులు మనిషెత్తు దాటాయి.

సుకేతుడు తిరిగొచ్చాడు. కొమ్మ మీది పికిలిపిట్ట జరిగిందంతా చెప్పేసింది.

రణధీరుడు తల వంచుకున్నాడు. "నీ అడవిని చంపుదామనే వచ్చానురా."

"పసిమొక్కలకే నీడ కావాలన్నయ్యా. ఎదిగొచ్చినవాటికి వెలుతురు కావాలి. రెండేళ్ళుగా అవి ఎదగకుండా ఆగిపోయాయి. తుమ్మలు తీయడం నా ఒక్కడి చేత కాలేదు" అన్నాడు సుకేతుడు.

తన గొడ్డలే అడవిని పెంచిందని విని మాంత్రికుడు సిగ్గుతో మళ్ళీ ఈ దిక్కుకు రాలేదు.

సుకేతుడికి పట్టాభిషేకమూ, హేమలేఖతో పెళ్ళీ జరిగాయి. పెళ్ళిలో రణధీరుడు అక్షింతలు వేశాడు గాని కళ్ళెత్తి చూడలేకపోయాడు. అసూయ ఒక్కరోజులో పోయేది కాదు మరి. తన బోడికొండ మీదికి వెళ్ళి, మేకలను తరిమేస్తూ, రేగుపొదలను కాపాడుతూ ఉండిపోయాడు. నాలుగో ఏట తన మొదటి మద్దిమొలకను చూపించడానికి తమ్ముణ్ణీ మరదలినీ తనే పిలుచుకొచ్చాడు. ఆ తర్వాత అందరూ నిండు నూరేళ్ళు చల్లగా బతికారు.