మంచులో బుడబుంగ అన్న మాట

ఈ కథ నాకు మొదట చెప్పింది మా రేవులో చేపలమ్మే గౌరమ్మ పెద్దమ్మ. మా బావ భద్రాచలం తనే పుట్టించానని నలుగురిలో చెప్పుకుంటాడు. అబద్ధం. అతనికి చెప్పింది నేను. విన్నది విన్నట్టు చెప్పడం కూడా అతనికి చేతకాలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా మనవరాలు సత్యవేణి ఫోనులో పేకాట పోటీలు ఆడుతుంది. డబ్బు పెట్టదు, ఉత్త బిళ్ళలే. అందులో ఎవరి మొహం ఎవరికీ కనబడదు. "తాతా, ఉన్న బిళ్ళలన్నీ ఒక్కసారే ఎప్పుడు పెట్టెయ్యాలి?" అని అడిగింది. నాకు చదువు తక్కువ. అక్షరాలు వంకర పోతాయి గాని కథ వంకర పోదు. వినండి.

అనగనగా ఒక పెద్ద సరస్సు. వానలు వెలిసి మంచు దిగే రోజుల్లో, పొద్దున్నపూట ఆ సరస్సుకి ఒడ్డు ఉండదు, పైన ఆకాశం ఉండదు. అంతా పాలు ఒలికినట్టు తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో ఒక చిన్న లంక. వరద వచ్చినా మునగదు, పాము ఎక్కదు. సరస్సులో ప్రతి పిట్టకీ కలలోకి వచ్చే లంక అది.

ఆ లంక ఏటా ఒక్కరికే. ఎవరికన్నది మంచుపందెంలో తేలుతుంది. పందెం పెట్టేవాడు గూడబాతు రాజు.

పందెం ఇలా ఉండేది. పిట్టలన్నీ తలో తామరాకు మీద కూర్చుంటాయి. మంచులో ఒకరికొకరు కనబడరు, గొంతు మాత్రం వినబడుతుంది. అందరికీ సమానంగా నత్తగుల్లల కుప్ప ఇస్తారు. ఆటకి ముందు అందరూ నడిమాకు మీద కాసిని గుల్లలు వెయ్యాలి. తర్వాత పొడుగూ పొట్టీ కలిసిన కట్టలోంచి తలా ఒక తుంగపుల్ల తీస్తారు. ఎవరి పుల్ల వాళ్ళకే తెలుసు. రాజుగారి కుడిపక్క నుంచి ఒక్కొక్కరే నోరు విప్పాలి. వద్దనుకుంటే పుల్ల నీళ్ళలో వదిలెయ్యాలి. తెగిస్తే "సమస్తం!" అని కుప్పంతా ఒడ్డాలి. ఎవరూ ఎదురు రాకపోతే నడిమాకు మీది గుల్లలు అన్నవాళ్ళవే. ఎవరైనా అంతకంత పెట్టి ఎదురొస్తే, పొడుగు పుల్లదే గెలుపు. గుల్లలు అయిపోయినవాళ్ళు లేచిపోవాలి, ఆఖరికి మిగిలినవాళ్ళదే లంక.

ఇంకొక్క నియమం ఉంది, అదే అసలు సంగతి. పొద్దెక్కేకొద్దీ నడిమాకు మీద వేసేది పెరుగుతుంది. మొదట ఒక్క గుల్ల. తర్వాత ముక్కుడు, అంటే ముక్కులో పట్టినన్ని. తర్వాత రెండు ముక్కులు.

ఆ ఏడు పందేనికి ఒక బుడబుంగ వచ్చింది. తెలుసుగా, నీళ్ళలో బుడుంగున మునిగి ఎక్కడో తేలుతుంది, అదే. నిరుడు నాచుతో కట్టిన దాని గూడు గుడ్లతో సహా కొట్టుకుపోయింది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. లంక దొరక్కపోతే ఈ గుడ్లూ నీళ్ళపాలే. అదే ఆకు మీద పక్కనే మొగుడు బుడబుంగ కూర్చుంది.

మొదటి ఆటలోనే లకుముకి పిట్ట "సమస్తం!" అంది. చేప కనబడితే తలకిందులుగా దూకడం దాని బతుకు. పుల్ల మంచిదే, కాని నడిమాకు మీద ఉన్నవి తలా ఒక గుల్ల. అంత కొంచేనికి కుప్పంతా పెడితే ఎవరు ఎదురొస్తారు? అంతకన్నా పొడుగు పుల్ల ఉన్నవాడే వస్తాడు. నీటికాకి వచ్చాడు.

"ఏం తమ్ముడూ, ఇంకా రెక్కలైనా తడవలేదు, అప్పుడే ఇంటికా?" అని మంచులోంచి నవ్వాడు. లకుముకి కుప్ప నీటికాకి ఆకు మీదికి పోయింది.

రెండోవాడు కొంగ. ఒంటికాలి మీద నిలబడి పెద్ద చేప కోసం కాచుకోవడం వాడి వంశాచారం. పుల్ల తీశాడు, వదిలాడు. తీశాడు, వదిలాడు.

"కొంగ మావా, నీ కుప్ప కరిగిపోతోంది," అంది బుడబుంగ.

"తొందర నీచులకి అమ్మాయ్. నా పుల్ల వస్తుంది," అన్నాడు కొంగ.

వచ్చింది కూడా. కట్టలోకెల్లా పొడుగు పుల్ల. కాని అప్పటికి వాడి దగ్గర మిగిలినవి మూడు గుల్లలు. "సమస్తం!" అని మెడ సాచి అరిచాడు. మూడు గుల్లలకి ఎవడు భయపడతాడు? నలుగురు నవ్వుతూ ఎదురొచ్చారు. కొంగే గెలిచాడు. గెలిచిందంతా కలిపినా, రెట్టింపైన నడిమాకుకి కొద్ది ఆటల్లోనే అయిపోయింది. కొంగ లేచిపోయాడు.

మంచు కొంచెం పసుపు రంగు తిరిగింది. ఆకులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. బుడబుంగ కుప్ప సగమైంది.

పుల్ల తీసింది. ముందువాళ్ళంతా వదిలేశారు. దాని తర్వాత నోరు విప్పాల్సింది ఇద్దరే, ఒక బాతు, నీటికాకి.

మొగుడు పుల్ల చూసి నోరు వెళ్ళబెట్టింది. "ఇదేం పుల్లే! నా కాలంత కూడా లేదు. వదిలెయ్."

"పుల్ల చూడకయ్యా. అటు విను."

"ఏం వినాలి? ఏమీ వినబడటం లేదు."

"అదే. ముందు ఒక్కరూ తెగించలేదు," అంది బుడబుంగ. "సమస్తం!"

మంచు మొత్తం చెవి ఒగ్గినట్టయింది. బాతు పుల్ల టప్పున నీళ్ళలో పడింది. నీటికాకి కుప్ప పెద్దదే. కాని ఎదురెళ్ళి ఓడితే అందులో సగం పోతుంది. వాడి గుల్లలు ఒకసారి గలగలమన్నాయి, ఆగిపోయాయి. కాసేపటికి వాడి పుల్ల కూడా నీళ్ళలో పడింది. నడిమాకు బుడబుంగ వైపు తేలుకుంటూ వచ్చింది.

ఇంకాసేపటికి మళ్ళీ పొట్టి పుల్ల, మళ్ళీ ముందువాళ్ళంతా వదిలేశారు. మళ్ళీ "సమస్తం!" మళ్ళీ నీటికాకి వదిలేశాడు. ఈసారి పళ్ళు కొరికినట్టు ముక్కు టకటకలాడించాడు.

పొద్దు బాగా ఎక్కింది. మంచులో వెలుగు పసుపు నీళ్ళలా కలుస్తోంది. ఆకుల మీద మిగిలింది ఇద్దరే, కుప్పల్లో బుడబుంగదే కొంచెం పెద్దది.

"ఇంకొక్కసారి అను," అన్నాడు నీటికాకి. "ఒట్టి అరుపులని నాకు తెలుసే!"

మొగుడు బుడబుంగ ఉబ్బిపోయి, "అనవే, అను! భయపడుతున్నాడు!" అంది.

"భయం పోయింది, కోపం వచ్చింది. కోపగించినవాడు దేనికైనా ఎదురొస్తాడు. వాడి మీద ఒట్టి అరుపు పనిచెయ్యదు," అని బుడబుంగ పొట్టి పుల్ల వదిలేసింది. మళ్ళీ వచ్చిందీ వదిలేసింది. దాని కుప్ప తరుగుతోంది. అప్పుడొచ్చింది ఒక మంచి పుల్ల. అంతకన్నా పొడుగువి కట్టలో లేకపోలేదు. బుడబుంగ కడుపులోని గుడ్లని ఒకసారి తలుచుకుంది. ఊపిరి పీల్చింది.

"సమస్తం!"

"నేనూ!" అన్నాడు నీటికాకి, ఆ మాట గాలిలో ఉండగానే.

గూడబాతు రాజు అడిగాడు, "ఏమయ్యా, పుల్ల చూసే అన్నావా?"

పుల్ల ఇంకా నీటికాకి రెక్క కిందే ఉంది. తీసి చూస్తే, బుడబుంగ పుల్లలో సగం.

వాడి ఆకు మీద మిగిలిన నాలుగు గుల్లలు తర్వాతి ఆటకే చాల్లేదు. సరిగ్గా అప్పుడే మంచు విడిపోయింది. సరస్సుకి ఒడ్డు వచ్చింది, ఆకాశం వచ్చింది. వదిలేసిన పుల్లలన్నీ నీళ్ళ మీద తేలుతూ కనిపించాయి. బుడబుంగ ఆకు చుట్టూ ఉన్నవన్నీ పొట్టివే, మొదటి రెండుసార్లు "సమస్తం" అన్న పుల్లలతో సహా.

లకుముకి ఎగిరొచ్చి, "అక్కా, ఇంత పుల్లలతోనా అంత మాట అన్నావు? నీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది.

"ఎందుకు వెయ్యదు తమ్ముడూ? మేము నీళ్ళలో మునిగి బతికేవాళ్ళం. మునగగానే తేలితే చేప దొరకదు. ఊపిరంతా అయిపోయాక తేలుదామంటే తేలలేం. ఇంకా కొంచెం ఊపిరి ఉండగానే పైకి తన్నాలి. అదొక్కటే నాకు తెలిసింది."

కొంగ ఆ మాట విని మొదటిసారి రెండో కాలు కింద పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే బుడబుంగలు లంక మీద నాచు పరిచాయి. గుడ్లు పెట్టింది. తుపానుకి వరద వచ్చింది, పోయింది. పిల్లలు తల్లి వీపెక్కి సరస్సంతా తిరిగాయి.

ఇదీ కథ. మా బావ భద్రాచలం మాత్రం కాఫీ హోటల్లో కూర్చుని "దానికి మూడుసార్లూ పొడుగు పుల్లే పడింది, అంతా అదృష్టం" అని చెప్తున్నాడు. గౌరమ్మ పెద్దమ్మ అలా చెప్పలేదు. నేను చెప్తే వినడు, పన్నెండేళ్ళుగా మాకు మాటల్లేవు. చదువొచ్చినవాళ్ళెవరైనా వెళ్ళి, నలుగురూ ఉన్నప్పుడు, ఈ తప్పు దిద్దండి. మొదటి రెండు పుల్లలూ పొట్టివే అని చెప్పండి. ఇది కూడా చెప్పండి: ఉన్నదంతా ఒడ్డాల్సింది ఆత్రంలో కాదు, కోపంలో కాదు, అంతా కరిగిపోయాక అసలే కాదు, మన మాటకి ఎదుటివాడు ఇంకా ఆగి ఆలోచిస్తున్నప్పుడే.