విరగని ఈటెలు

బల్లమీద కొయ్యసైనికులతో ఆడే యుద్ధంలో గజపాలుడు పదేళ్లుగా ఓటమెరుగడని పేరు. అది నమ్మి రాజుగారు అతడికి నిజం సైన్యాన్నే అప్పగించబోయారు.

ఆ బొమ్మలు చెక్కే ముత్తెమ్మ అడ్డొచ్చింది. "ప్రభూ, పదేళ్లలో ఈటె విరిగిన బొమ్మ ఒక్కటీ నా దగ్గరికి మరమ్మతుకు రాలేదు. అసలు ఈయన ఎవరితో ఆడారు?"

సభంతా గజపాలుడి వైపు తిరిగింది.

"ఆటకున్న మూడొందల నియమాలు కంఠతా అప్పజెప్పినవాడితోనే ఆడతాను. ఇంతవరకూ ఎవడూ అప్పజెప్పలేదు!" అన్నాడు గజపాలుడు గర్వంగా.

 రాజుగారు నాలుగే నియమాలు ఉంచి, ముత్తెమ్మను అతడితో ఆటకు కూర్చోబెట్టారు. రాజుగారు తాంబూలం నమిలేలోపే ఆమె గజపాలుడి కోట పట్టేసింది.

నెల తిరిగేసరికి ఊరంతా ఆడుతోంది. ముత్తెమ్మ ఇంటికి విరిగిన ఈటెలు గంపలకొద్దీ వస్తున్నాయి. అన్నిటికంటే ముందొచ్చింది మాత్రం, గజపాలుడు నేలకేసి కొట్టిన సేనాపతి బొమ్మ.