పీతను ఆపిన చేప

అనగనగా ఒక సముద్రం. అడవి లేదేమని అడగకండి పిల్లలూ. ఇది హైమవతి టీచరు ముందుగదిలో ఉన్న సముద్రం. గాజు గోడలు, ఉప్పునీళ్ళు, కొన్ని రాళ్ళు. అంతే.

అందులో కేసరి అనే చారల చేప, అతని భార్య పగడమ్మ ఉండేవారు. పగడమ్మ పెద్ద రాయి పక్కన గుడ్లు పెట్టింది. కేసరి వాటికి రెక్కలతో విసురుతూ కాపలా కాసేవాడు. అటు ఎవరొచ్చినా అతని కంటికి దొంగలే.

టీచరు అప్పుడప్పుడు ఆ నీళ్ళు చిన్న గాజుగొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి చూసేది. పసుపు రంగు వస్తే నీళ్ళు మంచివి. ఆకుపచ్చ వస్తే అమోనియా చేరినట్టు. చేపలకు అది విషం. మా కాలేజీ ల్యాబులో అమోనియా సీసా మూత తీస్తే చాలు, బెంచీలు ఖాళీ అయ్యేవి. మా డెమాన్‌స్ట్రేటరు గారు మాత్రం కదిలేవారు కాదు. ఆయనకు ఎప్పుడూ జలుబే. సరే, కథలోకి వద్దాం.

ఒకరోజు గొట్టంలో నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి. "ఎక్కడో ఏదో కుళ్ళుతోంది," అనుకుని టీచరు కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోసింది.

ఆ సాయంత్రం శంఖయ్య వచ్చాడు. శంఖయ్య ఖాళీ గుల్లలో కాపురముండే పీత.

"కేసరి బావా, కాస్త తప్పుకో. రాయి వెనక వాసనొస్తోంది. చూసొస్తాను."

"వాసన నీ ఒక్కడికేనా? అది నా గుడ్ల వాసనేమో."

"గుడ్లు తినేవాణ్ణయితే నిన్నడిగి వస్తానా?"

"అడిగి వచ్చేవాణ్ణే ఎక్కువ అనుమానించాలి," అని కేసరి పీతను ముక్కుతో తోసేశాడు.

మళ్ళీ పరీక్ష చేస్తే రంగు ముదిరింది. మళ్ళీ శంఖయ్య వచ్చాడు.

"రాయి వెనక్కి వెళ్ళిన నత్త తిరిగి రాలేదు బావా."

"నత్త గోల నీకెందుకు? దాని గుల్ల మీద కన్నేశావా?"

"కన్నేశాననే అనుకో. నా గుల్ల బిగుతైంది."

ఉన్నమాట చెప్పినందుకు కేసరి అనుమానం రెట్టింపైంది. మళ్ళీ తరిమేశాడు.

మూడోసారి గొట్టం చిక్కటి ఆకుపచ్చగా మారింది. అంచున ఉన్న గుడ్లు తెల్లబడ్డాయి. చచ్చిన గుడ్లు అలాగే తెల్లబడతాయి.

పగడమ్మ అది చూసింది. "ఏమయ్యా, నువ్వు పీతను కాస్తున్నావు. గుడ్లను ఎవరు కాస్తున్నారు?"

"వాడు తినేస్తాడే."

"తింటే వాడి కాళ్ళు నేను కొరుకుతాను. ముందు నువ్వు తప్పుకో."

కేసరి తప్పుకున్నాడు. పీత మీంచి చూపు మాత్రం తిప్పలేదు. శంఖయ్య గుడ్ల పక్కనుంచి పాకుతూ రాయి వెనక్కి వెళ్ళాడు. చచ్చి కుళ్ళిన నత్తను గుల్లతో సహా ఈడ్చుకొచ్చాడు. టీచరు దాన్ని చూసి పట్టకారుతో బయటికి తీసింది. మళ్ళీ నీళ్ళు మార్చింది. తర్వాతి పరీక్షలో గొట్టం పసుపుగా నిలిచింది.

గుడ్లలో సగమే మిగిలాయి.

"బావా, పోయిన సగం నేను తిన్నానా?" అని నెమ్మదిగా అడిగాడు శంఖయ్య.

కేసరి మిగిలిన గుడ్లకు విసురుతూనే, పీత వెళ్ళడానికి కాస్త పక్కకు జరిగాడు.

నీతి: ఒకరిని అనుమానించడంలోనే మునిగిపోయినవాడు, అసలు ముప్పు తన వెనకే పెరుగుతున్నా చూడలేడు.