పూలు రాలిన నార

తప్పెక్కడ జరిగిందో నీరజకు అర్థం కాలేదు. దర్శకుడు ముఖం తెల్లగా ఉండాలన్నారు, తెల్లగానే వేసింది. చూడగానే జనం జడుసుకోవాలన్నారు, జడుసుకున్నారు. అయినా చివరికి హాల్లో ఉన్న మూడొందలమందీ గొల్లున నవ్వారు.

ఆ ఊరు తెనాలి. అక్కడ నాటకం చూడ్డానికి వచ్చేవాళ్ళలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు ముఖానికి రంగు పూసుకున్నవాళ్ళే. వాళ్ళని ఏడిపించడం కష్టం, నవ్వించడం అంతకన్నా కష్టం. అలాంటివాళ్ళు నవ్వకూడని చోట నవ్వారు.

నాటకం ఒక పాత నవలలోంచి తీసింది. భీమునిపట్నం సముద్రపొడ్డున ఒక జమీందారీ మేడ. అందులో సౌదామిని అనే దొరసాని. పెళ్ళయిన మూడోనాడే భర్త రంగూను ఓడెక్కాడు, మళ్ళీ రాలేదు. ఆమె పైగదిలో తలుపేసుకుని పన్నెండేళ్ళు ఉండిపోయింది. ఊరు ఆమెను దయ్యం కింద జమకట్టింది. చివరి అంకంలో ఆమె మెట్లు దిగి వస్తుంది. పనివాళ్ళు దీపాలు పారేసి పరిగెత్తబోతారు. అప్పుడంటుంది: "దీపం ఇటు తెండి. నేను దయ్యాన్ని కాను. బతికే ఉన్నాను."

నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే.

సౌదామినికి మేకప్ వేసే పని నీరజది. మునుపు ఆమె విజయవాడలో పెళ్ళికూతుళ్ళను అలంకరించేది. హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసింది, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. పెళ్ళికూతుళ్ళందరూ ఒకేలా తయారవుతున్నారని విసుగొచ్చి, ఏడాది కిందట హుసేనయ్య మాస్టారి దగ్గర చేరింది. మాస్టారికి డెబ్బైమూడేళ్ళు. యాభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల నాటకాలకు రంగు వేసింది ఆయనే. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. ఒకరోజు ఆయన గీసిన కనుబొమ వంకర పోయింది. ఆయనే నవ్వి, కుంచె నీరజ చేతిలో పెట్టి, "ఇక నుంచి ముఖాలు నీవమ్మా" అన్నారు.

రెండు పనులు మాత్రం ఆయన వదులుకోలేదు. ఒకటి, తన రంగుల పెట్టె. కొయ్యపెట్టె, ఇత్తడి మూలలు. నడుం పట్టేసినా తనే మోసేవారు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. రెండోది, నాటకం అయ్యాక రంగు తియ్యడం. పాత పంచె చింపిన మెత్తటి గుడ్డలు, కొబ్బరినూనె. ఎంతసేపయినా సరే కూర్చుని తీసేవారు. రంగంతా పోయి మామూలు ముఖం బయటపడ్డాక దానికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేవారు.

నీరజకు అది పాతకాలపు చాదస్తంలా తోచేది. తడి రుమాళ్ళ ప్యాకెట్లు వచ్చి ఎన్నాళ్ళయింది! ఒకసారి అడిగింది కూడా.

"వేషం అయిపోయింది కదా మాస్టారూ, ఇప్పుడెందుకు దణ్ణం?"

మాస్టారు గుడ్డ ఉతికి తీగె మీద ఆరేశారు.

సౌదామిని వేషం నీరజ తొలిసారి పూర్తిగా తన చేతుల మీదుగా చేస్తున్నది. రెండు వారాలు ఫోను వదల్లేదు. ఎక్కడెక్కడి బొమ్మలో చూసింది.

"దీన్ని గోథిక్ అంటారు మాస్టారూ. పాత కోటలు, బూజు, చీకటి, పాలిపోయిన ఆడవాళ్ళు..."

"బూజుకేం, మన మేడల్లోనూ బోలెడు" అన్నారు మాస్టారు. "నాటకం చదివావా?"

"సౌదామిని వచ్చే సీన్లన్నీ చదివానండి."

"సరే."

ఆ 'సరే'లో ఏదో ఉందని నీరజ అప్పుడు పట్టించుకోలేదు. మెడదాకా లేసు ఉన్న బుట్టచేతుల రవిక కుట్టించింది. ముఖానికి సఫేదా అనే తెల్లరంగు దట్టంగా పట్టించింది. కళ్ళచుట్టూ నలుపు, బుగ్గలు లోపలికి పోయినట్టు నీడలు, పెదాలకు నేరేడుపండు రంగు. మోకాళ్ళదాకా విరబోసిన నల్లటి విగ్గు, దాని మీద దుమ్ములాగా పౌడరు. అద్దంలో చూసి తనే ఒక్క క్షణం ఉలిక్కిపడింది. ఉలిక్కిపడి చాలా సంతోషించింది.

ఆదివారం ఉదయం కల్యాణమండపంలో ట్రయల్ ప్రదర్శన. సౌదామిని మెట్ల మీద కనపడగానే హాలంతా ఒక్కసారి 'హా' అంది. పక్కతెర వెనక నీరజకు గుండె పొంగింది. సౌదామిని మెట్లు దిగింది. చేయి చాచింది. "దీపం ఇటు తెండి. నేను దయ్యాన్ని కాను. బతికే ఉన్నాను" అంది.

"అబద్ధం!" అన్నారెవరో వెనకనుంచి.

అంతే. హాలు హాలంతా నవ్వింది.

దర్శకుడు వీరభద్రంగారు మేకప్ గదిలోకి దూసుకొచ్చారు. "గురువారం నాటక పరిషత్తు పోటీ. ఈలోగా హైదరాబాదు నుంచి ఎవరినైనా పిలిపిస్తాను. ఈ అమ్మాయి వల్ల కాదు మాస్టారూ, ఏమీ అనుకోకండి."

నీరజ తలొంచుకుంది.

మాస్టారు తన రంగుల పెట్టె తీసి దర్శకుడి ముందు పెట్టారు. "గురువారం కూడా ఆ ముఖం నీరజదే. తేడా వస్తే ఈ పెట్టె మీరు తీసుకెళ్ళండి. ఇక నేను ఏ నాటకానికీ రాను."

వీరభద్రంగారు పెట్టె వంక చూశారు, మాస్టారి వంక చూశారు, తలూపి వెళ్ళిపోయారు. పిడుగు పడ్డట్టు నిలబడింది నీరజ. తన తప్పుకు ఆయన యాభై ఏళ్ళు అడ్డం పెట్టారని ఆమెకు తెలుసు.

"ఎక్కడ తగ్గించను మాస్టారూ? కళ్ళదగ్గరా? పెదాలదగ్గరా? చెప్పండి, ఎలా చెబితే అలా చేస్తాను."

మాస్టారు ఒక గుడ్డా కొబ్బరినూనె సీసా ఆమె చేతికిచ్చారు. "ముందు తియ్యి."

సౌదామిని వేసిన మాణిక్యమ్మగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పదో ఏట స్టేజీ ఎక్కారు. హాలంతా నవ్వినందుకు ఆమె ఒక్క మాట అనలేదు. అంత దట్టపు రంగు కింద ముఖం ఎంత దురద పెట్టిందో అదీ చెప్పలేదు.

నీరజ అలవాటుగా గబగబా రుద్దబోయింది.

"రుద్దకు" అన్నారు మాస్టారు. "నూనె గుడ్డ ముఖం మీద పరిచి అద్దు. మెల్లిగా ఎత్తు."

అద్ది, ఎత్తింది. రంగు చాలామటుకు గుడ్డకు వచ్చేసింది. మాస్టారు ఆ గుడ్డ అందుకుని, ఇంకో గుడ్డ ఇచ్చారు. నీరజ ఈసారి నెమ్మదిగా తియ్యడం మొదలుపెట్టింది. వేళ్ళకు ముఖం తగిలింది. వెయ్యడానికి రెండు గంటలు పట్టిన ఆ ముఖాన్ని ఆమె నిజానికి తాకలేదు. స్పాంజీ తాకింది, కుంచె తాకింది. ఇప్పుడు నుదుటి పైన గట్టిగా ఒక మచ్చ తగిలింది.

"అది కిరీటం ఒరుసుకున్నది తల్లీ" అన్నారు మాణిక్యమ్మ కళ్ళు మూసుకునే. "అప్పట్లో రేకు కిరీటాలు కదా."

"నొప్పి పెడుతోందా అమ్మా? తొందరగా తీసెయ్యనా?"

"వద్దు. నెమ్మదిగానే కానీ. ఇంటికెళితే తలుపు తీసేవాళ్ళు మాత్రం ఎవరున్నారు. మా ఆయన హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయి ఐదేళ్ళు. నా ముఖం మీద ఇంకొకళ్ళ చెయ్యి పడేది నాటకం అయ్యాక, మాస్టారు రంగు తీసేటప్పుడే. ఇవాళ నీ చెయ్యి. చల్లగా ఉండమ్మా."

నీరజ విగ్గు పిన్నులు తియ్యసాగింది. విగ్గు లేచి వచ్చింది. కింద మాణిక్యమ్మగారి సొంత జుట్టు, సగం నెరిసింది, చిన్న ముడిలో అణిగి ఉంది. తల తేలికపడగానే ఆమె పెదవులు అలవాటుగా కదిలాయి. నటులకు అది ఉంటుంది, ఊరికే ఉంటే డైలాగులు వల్లె వేసుకుంటారు.

"ఈ ముడిలో పూలు ఆయన తురిమినవి. రాలితే రాలనీ, ముడి మాత్రం విప్పను..."

నీరజ చేతిలో విగ్గు అలాగే ఉండిపోయింది.

"ఇదెక్కడిదమ్మా?"

"రెండో అంకంలోది. తలుపు వెనకనుంచి మాట్లాడతానే, అది."

రెండో అంకంలో సౌదామిని స్టేజీ మీదకు రాదు. గొంతు మాత్రమే వినిపిస్తుంది. మనిషి కనపడని చోట మేకప్ పనేముందని నీరజ ఆ పేజీలు తిప్పేసింది. ఇవాళ ఆ అంకం నడుస్తున్నప్పుడూ మేకప్ గదిలో విగ్గు దువ్వుతూ కూర్చుంది. ముడి విప్పనని పన్నెండేళ్ళు కూర్చున్న మనిషికి మోకాళ్ళదాకా జుట్టు విరబోసింది.

తలెత్తి మాస్టారి వంక చూడలేకపోయింది. మళ్ళీ గుడ్డ తీసుకుని తుడవసాగింది. బుగ్గల మీద తెలుపు పోయింది. ముక్కు పక్కన ముడతల్లో, కంటి కొసల్లో మాత్రం కొంచెం మిగిలింది. కాటుక చెదిరి, కళ్ళకింది అసలు నలుపులో కలిసిపోయింది. పెదాల రంగు పోయి, ఎండిన గీతలు కనిపించాయి.

"ఆగు" అన్నారు మాస్టారు.

నీరజ చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ వెలుగులో మాణిక్యమ్మ కళ్ళు తెరిచారు. ఎప్పుడో పెళ్ళినాడు పూసుకున్న పౌడరును ముఖం కడుక్కోవడానికి మనసు రాక అలాగే ఉంచేసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

మాస్టారు మొదటి గుడ్డను విప్పి అద్దం పక్కన మేకుకు తగిలించారు. దాని మీద తెల్లటి ముఖం, రెండు నల్లటి గుంటలు, నేరేడు రంగు నోరు. ఇందాక హాలంతా చూసి 'హా' అన్నది దాన్నే.

"దయ్యం ఇదిగో, ఇక్కడుంది" అన్నారాయన. "ఇక మనిషి సంగతి చూడు."

ఆ రోజు నీరజ నాటకం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివింది. తలుపు వెనక గొంతు మాట్లాడే పేజీలు రెండుసార్లు చదివింది.

గురువారం మధ్యాహ్నం పోటీలో మూడో నాటకం వాళ్ళది. లేసు రవికను నీరజ ముందురోజే టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టింది. తెలుపు చచ్చి, ఏళ్ళతరబడి పెట్టెలో మగ్గిన రంగు వచ్చింది. మాణిక్యమ్మగారి ముఖానికి పౌడరు వేళ్ళతోనే అద్దింది, మళ్ళీ గుడ్డతో చాలావరకు ఎత్తేసింది. పాపిట్లో కుంకుమ పెట్టి తుడిచింది, చర్మంలో ఇంకినంత ఉండనిచ్చింది. విగ్గు జోలికి పోలేదు. సొంత జుట్టునే మెడ మీదకు జారిపోయేలా వదులుగా ముడి చుట్టింది. ముడిచుట్టూ ఒక మల్లెదండ కట్టి, పూలన్నీ ఒక్కొక్కటే దూసేసింది. చివరికి అరటినారా, దానికి అంటుకుని నాలుగు తొడిమలూ మిగిలాయి.

వీరభద్రంగారు పక్కతెర దగ్గర ఆ ముఖం చూసి, "ఇదేమిటమ్మా, ఇంకాస్త తెలుపు..." అని మొదలుపెట్టారు. మాణిక్యమ్మ ఆయన వంక తిరిగి చూశారు. ఆయన మాట మింగేసి పక్కకు తప్పుకున్నారు.

సౌదామిని మెట్ల మీద కనపడింది. ఎవరూ 'హా' అనలేదు. నీరజ మాస్టారి వంక చూసింది. మాస్టారు గోడకానుకుని, కాళ్ళదగ్గర పెట్టెతో, స్టేజీ వంక కాకుండా జనం వంక చూస్తున్నారు. సౌదామిని మూడు మెట్లు దిగింది. ముడి వెనక నార చివర ఊగింది. పనివాడు దీపం ఎత్తి పట్టుకుని వణికాడు.

"దీపం ఇటు తెండి" అందామె. "నేను దయ్యాన్ని కాను. బతికే ఉన్నాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అప్పుడు రెండో వరసలోంచి ఒక పెద్దావిడ, నాటకమన్న సంగతే మరిచిపోయి, పైకే అనేసింది.

"అయ్యో తల్లీ!"

నీరజ పక్కతెర పట్టుకుని ఏడ్చింది. ఆ పెద్దావిడెవరో తెలియదు. తెలిస్తే వెళ్ళి కాళ్ళకు మొక్కేది.

తెర పడింది. చప్పట్లయ్యాయి, మెచ్చుకోళ్ళయ్యాయి. బహుమతి సంగతి సాయంత్రం చెబుతారన్నారు. వీరభద్రంగారు వచ్చి, మాస్టారి పెట్టె వంక చూసి, చెవులు పట్టుకున్నంత పని చేసి వెళ్ళారు. మేకప్ గది ఖాళీ అయ్యింది. ఎవరూ చెప్పకముందే నీరజ కొబ్బరినూనె సీసా అందుకుంది.

మాణిక్యమ్మగారు కళ్ళు మూసుకున్నారు. తియ్యడానికి పెద్దగా రంగు కూడా లేదు. అయినా నీరజ తొందరపడలేదు. పాపిట తుడిచింది. నారను ముడిలోంచి మెల్లిగా లాగి పక్కన పెట్టింది. కిరీటం మచ్చ మీద నూనె ఇంకాస్త రాసింది. చివరికి ఏ రంగూ లేని ముఖం, కొంచెం అలసిపోయి, మెరుస్తూ, ఎదురుగా నిలిచింది.

నీరజ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

కిటికీ దగ్గర గుడ్డ పిండుతున్న మాస్టారు అది చూశారు. గుడ్డ దులిపి తీగె మీద ఆరేశారు. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"నడుం పట్టేసిందమ్మా. పెట్టె నువ్వు పట్టుకురా."