బల్లకు అవతలి ముఖం

హరనాథ్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఆ మాట గురువుతో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

అతను ప్రభుత్వ కళాశాలలో లెక్కలు చెప్పే లెక్చరర్. గురువు ఖాశిం పీరయ్య. ఉదయగిరి కొండ కింద ఒక చిన్న దర్గాను కనిపెట్టుకుని ఉండే దూదేకుల పెద్దాయన. పరుపులూ దిండ్లూ కుట్టి బతికేవారు. మనసు బాగాలేదని ఎవరొచ్చినా పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఏ దేవుడికి మొక్కుతావని అడిగేవారు కాదు.

హరనాథ్ మొదట ఆయన దగ్గరికి వచ్చింది కోపం తట్టుకోలేక. క్లాసులో ఎవరైనా కిసుక్కుమంటే చాలు, అతని ముఖం జేవురించేది, చేతులు వణికేవి. పిల్లలకు అదొక ఆటైపోయింది. పీరయ్య అతనికి ఊపిరిని గమనించడం నేర్పారు. కదలకుండా కూర్చోవడం నేర్పారు. గురువారం దర్గాలో పెట్టే భోజనాలకు వడ్డించడం కూడా నేర్పారు.

"ఆకు వంక చూడబాక. ముఖం చూడు. ఇంకా ఆకలిగా ఉండి అడగలేనోళ్ళు ఉంటారు" అనేవారు.

కొన్నేళ్ళకు హరనాథ్ ఎవరి ముఖం చూసినా లోపల ఏముందో పసిగట్టేవాడు. అతని ముఖంలో మాత్రం ఎవరికీ ఏమీ దొరికేది కాదు. క్లాసులో పిల్లలు కిసుక్కుమనడం మానేశారు.

ఆ రోజు పీరయ్య వసారాలో కూర్చుని దిండులో బూరుగు దూది కూరుతున్నారు. హరనాథ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యా, ఉద్యోగం మానేశాను."

"ఏం, నాయనా?"

"పోకర్ ఆడదామని. అది పేకాటలో ఒక రకం. గోవాలో పెద్ద ఎత్తున ఆడతారు. ఇక అదే నా వృత్తి."

పీరయ్య దిండు పక్కన పెట్టారు.

"మామూలు జూదం కాదయ్యా ఇది" అన్నాడు హరనాథ్. "సగం లెక్క. ఏ ముక్క పడే అవకాశం ఎంతో ముందే అంచనా వేయొచ్చు. మిగతా సగం మనుషులు. ఎదుటివాడు భయపడుతున్నాడా, బొంకుతున్నాడా అని కనిపెట్టాలి. మన సంగతి మన ముఖంలో బయటపడకూడదు. ఆ రెండూ మీరు నేర్పినవే. సెలవుల్లో వెళ్ళి ఆడి చూశాను. ఇట్టే వచ్చేసింది."

"మరి కాలేజీ?"

"ఎన్నేళ్ళయినా అదే పాఠం, అదే బోర్డు అయ్యా. అక్కడ ఒక్కరోజు కూడా గెలిచానని అనిపించలేదు."

పీరయ్య అతని ముఖంలోకి చూశారు. తర్వాత, "అన్నం తిని పో నాయనా" అన్నారు.

*

మరుసటి ఏడు ఒక గురువారం హరనాథ్ కొత్త కారులో వచ్చాడు. వెనకాలే ఒక ఆటో. అందులోంచి బియ్యం బస్తాలు దింపించాడు. దర్గాకు ఇంత బియ్యం ఒక్కసారిగా ఎవరూ ఇవ్వలేదు. వంట చేసే ఆడవాళ్ళు బయటికి వచ్చి చూశారు.

భోజనానికి ముందు పీరయ్య లేచి నిలబడి, ఆ రోజు ఎవరి గింజలు వండారో వాళ్ళ పేరు చెప్పి దేవుణ్ణి వేడుకుంటూ దువా చేయడం అక్కడి ఆనవాయితీ.

"ఎవరి పేరు చెప్పమంటావు?" అని అడిగారు.

"నా పేరే చెప్పండయ్యా."

"ఇయ్యి నీకు ఎట్లా వచ్చినాయి?"

"గెలిచాను."

"ఎవరి కాడ?"

హరనాథ్ నవ్వాడు. "బల్ల దగ్గర ఎవరెవరో కూర్చుంటారయ్యా. ఇవాళ ఉన్నవాళ్ళు రేపుండరు. పేర్లు అడగం."

"ఒక్కరి పేరన్నా చెప్పు. వాళ్ళకి దువా చేస్తా."

హరనాథ్ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఒకడు పెదవి కొరుకుతాడు. ఒకడు గెలిచే ముక్కలు వచ్చినప్పుడు గొంతు సవరించుకుంటాడు. ఒకావిడ ఓడిపోబోయే ముందు జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది. అన్నీ గుర్తున్నాయి. పేరు మాత్రం ఒక్కటీ లేదు.

పీరయ్యకు కోపం రాలేదు. బస్తాలకు చెమ్మ తగలకుండా కింద చెక్కలు వేయించి, పైన తనే ఒక పాత దుప్పటి కప్పారు. "పేరు తెలిసినప్పుడు వండుదాం" అన్నారు.

ఆ పూట దర్గాలో ఉన్న నూకలతోనే అన్నం వండారు. హరనాథ్ వడ్డించకుండానే వెళ్ళిపోయాడు. పెద్దాయనకు ఈ ఆట అర్థం కాదు అనుకున్నాడు దారిలో.

*

కాలేజీలో హరనాథ్‌కు ఉన్న స్నేహితుడు మాల్యాద్రి ఒక్కడే. ఫిజిక్స్ చెప్పేవాడు. మాల్యాద్రి భార్య పద్మజ కట్టిచ్చిన క్యారియర్ మధ్యాహ్నం ఇద్దరూ పంచుకుని తినేవాళ్ళు.

హరనాథ్ కారు కొన్నాక మాల్యాద్రికి కూడా ఆశ పుట్టింది. "నాకూ నేర్పు హరీ" అన్నాడు. హరనాథ్ నేర్పాడు. ఆట నియమాలన్నీ మాల్యాద్రికి త్వరగానే వచ్చేశాయి. ముఖం దాచుకోవడం మాత్రం రాలేదు. మంచి ముక్కలు వస్తే కళ్ళు మెరిసేవి. చెడ్డవి వస్తే బొటనవేలితో ఉంగరం తిప్పుకునేవాడు. హరనాథ్ చూసి నవ్వేవాడు. నీకిది వద్దని మాత్రం గట్టిగా చెప్పలేదు. తన దారిలో ఇంకొకడు రావడం అతనికి బాగుంది.

మాల్యాద్రి కూడా ఉద్యోగం మానేశాడు.

గోవాలో ఒక సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పడ్డారు. ఒక పందెంలో మిగతావాళ్ళంతా ముక్కలు పడేసి తప్పుకున్నారు. వీళ్ళిద్దరే మిగిలారు.

హరనాథ్ చేతిలో ఓడిపోని ముక్కలున్నాయి. మాల్యాద్రి తన ముందున్నదంతా పెట్టాలా, మానాలా అని ఆలోచిస్తున్నాడు. ఉంగరం మీద బొటనవేలు తిరుగుతోంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆ బల్ల మీద ఉన్నది తప్ప అతనికి ఇంక ఎక్కడా ఏమీ మిగల్లేదని హరనాథ్‌కు తెలిసిపోయింది. ఎవరూ చెప్పక్కర్లేదు. ముఖంలోనే ఉంది.

మాల్యాద్రి తలెత్తి అతని కళ్ళలోకి చూశాడు.

"ఏం హరీ, పెట్టమంటావా?"

నవ్వుతూనే అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆటలో దానికి జవాబు చెప్పకూడదు. హరనాథ్ పీరయ్య నేర్పినట్టుగా ఊపిరిని మెల్లగా లోపలికి దించుకున్నాడు. అతని ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

మాల్యాద్రి అంతా పెట్టేశాడు.

ముక్కలు తిప్పాక కాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, హరనాథ్ భుజం తట్టాడు. "బాగా ఆడావు" అని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అప్పులు తీర్చడానికి వాళ్ళు ఇల్లు అమ్ముకున్నారని హరనాథ్‌కు తెలిసింది. పద్మజ నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. మాల్యాద్రి గూడూరులో ఏదో హాస్టల్లో వార్డెన్‌గా కుదిరాడు.

హరనాథ్ ఆడుతూనే ఉన్నాడు. కానీ బల్లకు అవతల ఎవరు తలెత్తి చూసినా అతనికి ఆ ప్రశ్నే వినపడేది. గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని తప్పుకునేవాడు. అలా వదులుకున్న కసి కొద్దీ, నిజంగా తప్పుకోవాల్సిన చోట తప్పుకునేవాడు కాదు. కారు పోయింది. ఉన్నదంతా పోయింది.

ఒకరోజు ఊరికే కాలేజీ వైపు వెళ్ళాడు. ఒకప్పుడు అతను లెక్కలు చెప్పిన గదిలో ఎవరో కుర్ర లెక్చరర్ పాఠం చెబుతున్నాడు. బోర్డు మీద లెక్క తప్పు వేశాడు. పిల్లలు గొల్లుమన్నారు. ఆ కుర్రాడు కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి, చెరిపి మళ్ళీ వేశాడు. హరనాథ్ కిటికీ పక్కన నిలబడి పాఠమంతా విన్నాడు. ఎవరూ చూడకముందే అక్కడినుంచి వచ్చేశాడు.

*

వానాకాలంలో, ఒకరోజు పొద్దున్నే, అతను దర్గాకు వచ్చాడు. బస్సు దిగి తడుచుకుంటూ నడిచి వచ్చాడు.

"అయ్యా, ఒక పేరు చెప్పడానికి వచ్చాను."

పీరయ్య చేతిలో సూది పక్కన పెట్టారు.

హరనాథ్ అంతా చెప్పాడు. క్యారియర్ సంగతి చెప్పాడు, ఉంగరం సంగతి చెప్పాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. వాన పడుతోంది, బస్సు ఆలస్యమైంది అన్నట్టుగా చెప్పాడు.

"ఆట ప్రకారం నేనేం తప్పు చేయలేదయ్యా. నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు" అన్నాడు చివర్లో. "కానీ ఆ తర్వాత నేను మనిషిని కాలేకపోతున్నాను."

"యాడుండాడు ఇప్పుడు?"

"గూడూరులో."

ఆ పేరు మీద పీరయ్య దువా చేస్తారని హరనాథ్ అనుకున్నాడు. ఆయన లేచి, కొక్కేనికి ఉన్న కండువా తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"పద" అన్నారు.

బస్సులో హరనాథ్ అడిగాడు. "వెళ్ళి ఏం చెప్పాలయ్యా?"

"ఏం చెప్పబాక. ఇన్నాళ్ళూ మనుషుల్ని నువ్వు చూసినావు. ఇయ్యాళ అతన్ని నీ ముఖం చూడనీ."

వాళ్ళు వెళ్ళేసరికి వాన వెలిసింది. హాస్టల్ వరండా అంతా తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. మాల్యాద్రి తాళాల గుత్తితో ఎదురొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. హరనాథ్‌ను చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. తర్వాత పెద్దాయనకు నమస్కారం పెట్టి, కుర్చీలు తెచ్చి వేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు.

మాల్యాద్రి హరనాథ్ ముఖంలోకి చూశాడు.

హరనాథ్ భుజాలు వదులయ్యాయి. ఊపిరి నెమ్మదించింది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటీ చదునైపోయాయి. అతను కావాలని చేయలేదు. ఏళ్ళ అలవాటు, దానంతట అదే జరిగిపోయింది.

పీరయ్య పక్కకు వంగి, పొలమారిన పిల్లవాడికి కొట్టినట్టు, అరచేత్తో అతని వీపు మీద గట్టిగా చరిచారు.

"ఆ ఊపిరి ఇక్కడ వద్దు నాయనా."

హరనాథ్ ఉలిక్కిపడ్డాడు. ఊపిరి చెదిరింది. మళ్ళీ కూడదీసుకోబోయాడు, వల్ల కాలేదు. కింది పెదవి అదిరింది. ముఖం జేవురించింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒక చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకోబోతే పీరయ్య ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు. దించి, తన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

మాల్యాద్రి చూస్తూ కూర్చున్నాడు. లోపల హాల్లో పిల్లలు పైకి చదువుకుంటున్న గోల వినపడుతోంది. హరనాథ్ ఏడుపు ఆపుకోలేదు. మాల్యాద్రి కళ్ళు తిప్పుకోలేదు.

చాలాసేపటికి అన్నాడు.

"ఆ రోజు ఈ ముఖం కోసమే చూశాను హరీ."

లోపల గంట కొట్టారు. మాల్యాద్రి తాళాల గుత్తి తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నువ్వెలా ఉన్నావని పద్మజ అప్పుడప్పుడు అడుగుతుంది. చూశానని చెప్తాను."

మళ్ళీ రమ్మని అనలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

*

తిరుగు బస్సులో జనం లేరు. దారి పక్కన మళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. బస్సు నెల్లూరు దాటింది.

"ఉద్యోగం మానేశానని మీకు చెప్పిన రోజు, నన్ను ఆపి ఉండాల్సిందయ్యా" అన్నాడు హరనాథ్. నిష్ఠూరంగా అనలేదు.

పీరయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఆ రోజు నీకు భయం వేసిందా?"

"చాలా వేసిందయ్యా. మీరు వద్దంటే ఆగిపోయేవాణ్ణి."

పీరయ్య అతని వైపు తిరిగారు. అతని ముఖంలోకి చూశారు. బస్సు కొంత దూరం పోయింది.

"నాకు కనపడలేదు నాయనా" అన్నారు.